ఒకే టిక్కెట్టు మీద రెండు సినిమాలు

పిల్లలతో కలిసి జపాను బొమ్మల సినిమాలు చూడటం మా ఇంట్లో కొన్నేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నాల అలవాటు. హయావో మియజాకీ తీసిన ‘నా పొరుగింటి తొతొరో’ మొదటిసారి చూసినప్పుడు మా అబ్బాయికి ఐదేళ్ళు. పల్లెటూరిలో పాత ఇల్లు, ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, కర్పూర వృక్షపు తొర్రలో నిద్రపోయే బొచ్చు దేవుడు, బోలెడు కాళ్ళతో పరుగెత్తే పిల్లి బస్సు. వీటన్నిటికీ కిలకిలా నవ్విన పిల్లవాడు ఆసుపత్రి నుంచి టెలిగ్రాము వచ్చే ఘట్టం దగ్గర మాత్రం నా చొక్కా పట్టుకొని, “నాన్నా, వాళ్ళమ్మ చచ్చిపోతుందా?” అని అడిగాడు. “లేదురా” అన్నాను. నేను అంతకుముందే చూసి ఉన్నాను గనుక ధైర్యంగా చెప్పగలిగాను.

వాడికంటే అయిదేళ్ళు పెద్దదైన మా అమ్మాయి ప్రశ్న వేరు. నా బల్ల మీది పుస్తకంలో తనకొక సంగతి కనబడింది. ఈ సినిమా విడుదలైన రోజునే, అదే హాల్లో, అదే టిక్కెట్టు మీద ఇంకొక బొమ్మల సినిమా వేశారు. అందులో ఒక అన్న, నాలుగేళ్ళ చెల్లెలు. యుద్ధంలో తల్లి చనిపోతుంది. తరువాత చెల్లెలు చనిపోతుంది. చివరికి అన్నా పోతాడు. “పిల్లలు వచ్చే ఆటకు అలాంటి సినిమా ఎందుకు వేశారు నాన్నా?” అని అడిగింది. వ్యాపారస్తులు ఏదో లెక్క వేసుకొని ఉంటారని చెప్పి తప్పించుకున్నాను. ఆ జవాబు అబద్ధం కాదు గాని, అందులో నిజం సగమే.

ఆ సగం ముందుగా చెప్పేస్తాను. 1988 ఏప్రిల్ 16న ‘తొతొరో’, ఇసావో తకహతా తీసిన ‘మిణుగురుల సమాధి’ జంటగా విడుదలయ్యాయి. రెండూ గిబ్లీ స్టూడియోవే. ‘తొతొరో’ ఆలోచనను డబ్బు పెట్టవలసినవాళ్ళు మొదట తోసిపుచ్చారు. 1950ల నాటి పల్లె, ఇద్దరు ఆడపిల్లలు, ఒక వింత జంతువు; యుద్ధాలు లేవు, విలన్లు లేరు, ఎవరు చూస్తారు అన్నారు. అప్పుడు తోషియో సుజుకీ అనే సంపాదకుడు దానికి జోడీగా మరొక సినిమాను ప్రతిపాదించాడు. అకియుకి నొసాకా 1967లో రాసిన ‘మిణుగురుల సమాధి’ని ప్రచురించిన షించోషా సంస్థ దానికి డబ్బు పెట్టేట్టు, తొకుమా షొతెన్ సంస్థ ‘తొతొరో’కు పెట్టేట్టు ఒప్పందం కుదిరింది. మొదటి ప్రతిపాదనలో దెయ్యం, రెండోదానిలో సమాధి, ఇదేమి జోడీ అని పెద్ద ఉద్యోగి ఒకాయన చిరాకు పడ్డాడని సుజుకీ తరువాత చెప్పుకున్నాడు. పిల్లల బొమ్మల సినిమాలను రెండు మూడు కలిపి బడి సెలవుల్లో ఆడించడం జపానులో 1960ల నుంచీ ఉన్న పద్ధతే. కాబట్టి జంట ఆట అనేది వింత కాదు. వింతైనది ఆ జంటే.

మిగతా సగం కోసం నలభై మూడేళ్ళు వెనక్కి, ఇంకొక ఏప్రిల్ నెలకు వెళ్ళాలి.

1945 ఏప్రిల్ 12న జపానులో ‘మొమొతరో – సముద్రపు దివ్యసైనికులు’ అనే సినిమా విడుదలైంది. 74 నిమిషాల నిడివి. ఆ దేశంలో తయారైన మొదటి పూర్తి నిడివి బొమ్మల సినిమా ఇదే. తీయించింది నౌకాదళ మంత్రిత్వ శాఖ, తీసినవాడు మిత్సుయో సెయో. మొమొతరో అంటే పీచు పండులోంచి పుట్టిన పిల్లవాడు. కుక్కనూ కోతినీ నెమలి జాతి పక్షినీ వెంటబెట్టుకొని రాక్షసుల దీవి మీదికి వెళ్ళి గెలిచి వస్తాడు. మనకు పేదరాశి పెద్దమ్మ కథలెలాగో అక్కడి పిల్లలకు ఆ కథ అలాగ. సెయో అప్పటికే 1943లో ఇదే మొమొతరోతో పెర్ల్ హార్బరు దాడిని ‘సముద్ర గ్రద్దలు’ అనే చిన్న సినిమాగా తీసి ఉన్నాడు. ఈ రెండో సినిమాలో జంతువుల సైన్యం పారాచూట్లతో ఒక దక్షిణ దీవి మీద దిగుతుంది. రాక్షసులు ఇంగ్లీషు మాట్లాడే తెల్లవాళ్ళు.

ఈ సినిమాను కేవలం ప్రచారమని కొట్టిపారేయడం తేలిక. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని కొన్ని భాగాలు చూశాక నాకు అంత తేలిక కాలేదు. గడ్డి నేల మీద తెల్లటి దూది పింజలు గాలికి తేలిపోయే దృశ్యం ఒకటుంది. ఎంత అందంగా ఉంటుందంటే, ఆ పింజలు పారాచూట్లకు సంకేతమని తెలిశాక ఒళ్ళు జలదరిస్తుంది. దీవిలోని జంతువులకు జపాను అక్షరమాలను పాటగా నేర్పే ఘట్టం మరొకటి. మా అబ్బాయి ఆ పాటకు లేచి గెంతులేశాడు. ఆక్రమించుకున్న నేల మీద ఆక్రమించుకున్నవాడి భాష నేర్పుతున్నారని వాడికెలా చెప్పను? ఇక చిట్టచివర ఇంటి దగ్గర ఉన్న పిల్ల జంతువులు ఆట ఆడుకుంటాయి. చెట్టెక్కి ఒక్కొక్కటే నేల మీదికి దూకుతాయి. ఆ నేల మీద గీసి ఉన్న బొమ్మ అమెరికా పటం.

ఆ చెట్టు మీదినుంచి దూకవలసినవాళ్ళు హాలులో కూర్చుని ఉండే పిల్లలు. కాని 1945 ఏప్రిల్‌లో నగరాల హాళ్ళలో పిల్లలే లేరు. 1944 వేసవి నుంచీ బడి పిల్లలను లక్షల సంఖ్యలో పల్లెలకు తరలించేశారు. కాస్త పెద్ద పిల్లలు కర్మాగారాల్లో పనిచేస్తున్నారు. మార్చిలో తోక్యో, ఒసాకా, కోబె, నగోయా కాలిపోయాయి. పిల్లల కోసం తీసిన మొదటి పెద్ద బొమ్మల సినిమా పిల్లలు లేని హాళ్ళలో ఆడింది.

ఒక పిల్లవాడు మాత్రం ఉన్నాడు. పిల్లవాడంటే పదహారేళ్ళవాడు, ఒసాము తెజుకా. యుద్ధపు పనికి పంపబడిన విద్యార్థి. ఒసాకాలో చుట్టూ బూడిద దిబ్బల మధ్య నిలిచి ఉన్న షోచికు హాల్లో, చల్లటి ఖాళీ కుర్చీల నడుమ ఆ సినిమా చూశాడు. కళ్ళవెంట నీళ్ళు వచ్చాయని, ఎప్పటికైనా బొమ్మల సినిమా తీయాలని అప్పుడే నిశ్చయించుకున్నానని తరువాత రాసుకున్నాడు. యుద్ధపు నినాదాలు అతన్ని తాకలేదు. దూది పింజలు తాకాయి, అక్షరాల పాట తాకింది. ఆ తెజుకాయే 1963 జనవరి 1న ‘అణు బాలుడు’ ధారావాహికను టీవీలో మొదలుపెట్టి జపాను బొమ్మల సినిమా దశను మార్చేశాడు. సినిమా మాత్రం యుద్ధం తరువాత మాయమైంది. పోయిందనే అందరూ అనుకున్నారు. 1980లలో షోచికు గిడ్డంగిలో దాని ప్రతి బయటపడింది. (సెయో సంగతి ఒక మాట. యువకుడిగా అతడు శ్రామికవర్గ సినిమా ఉద్యమంలో తిరిగినవాడు. యుద్ధం తరువాత ఒకే ఒక సినిమా తీశాడు, అది హాళ్ళకు రాలేదు. ఆపై పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసుకుంటూ బతికాడు. అతని మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.)

అదే ఏడాది, మరో రెండున్నర నెలలకు, జూన్ 29న ఒకయామా నగరం మీద బాంబులు పడ్డాయి. ఆ రాత్రి తొమ్మిదేళ్ళ తకహతా పడుకునే బట్టలతో, చెప్పులు లేకుండా, తోబుట్టువుతో కలిసి మంటల మధ్య పరుగెత్తాడు. తల్లిదండ్రులు ఉన్నారో పోయారో తెలియకుండా గడిపాడు. జూలై 12న ఉత్సునోమియా కాలింది. నాలుగేళ్ళ మియజాకీ కుటుంబం అక్కడ ఉంది. వాళ్ళకు యుద్ధ విమానాల భాగాలు చేసే కర్మాగారం ఉండేది. ఊళ్ళో కొద్దిమందికే దొరికే చిన్న లారీ ఒకటి వాళ్ళకు దొరికింది. అందులో ఎక్కి బయటపడుతుంటే, దారిలో ఎవరో పసిబిడ్డతో వచ్చి మమ్మల్నీ ఎక్కించుకోండని ప్రాధేయపడ్డారు. లారీ ఆగలేదు. ఆ గొంతు తనను జీవితమంతా వదల్లేదని మియజాకీ చెప్పాడు. అప్పుడు, ఆపమని పెద్దవాళ్ళతో చెప్పగలిగిన పిల్లవాడు ఒకడు ఆ లారీలో ఉండి ఉంటే! అటువంటి పిల్లలున్న సినిమాలు తీయాలని తరువాత అనుకున్నాడట.

ఇద్దరూ తోయెయి బొమ్మల సినిమా సంస్థలో చేరారు, తకహతా 1959లో, మియజాకీ 1963లో. 1956లో పుట్టిన ఆ సంస్థ 1958లో ‘తెల్ల పాము కథ’ తీసింది. జపాను మొదటి రంగుల పూర్తి నిడివి బొమ్మల సినిమా అది, కథ మాత్రం చైనాది. ఉన్నత పాఠశాల చివరి ఏట ఉన్న మియజాకీ దాన్ని చూసి అందులో నాయికతో ప్రేమలో పడ్డాడు. ఆ సంవత్సరాల కథ పెద్దది. సమ్మెలు, కార్మిక సంఘం, ఇద్దరి స్నేహం. మన విషయానికి కావలసింది 1972 డిసెంబరు. తకహతా దర్శకత్వంలో, మియజాకీ కథతో అరగంట పైచిలుకు ‘పాండా, పిల్ల పాండా’ వచ్చింది. మియజాకీ తన పిల్లల్ని తీసుకొని హాలుకు వెళ్ళాడు. సినిమాలో పాట మొదలవగానే హాల్లోని పిల్లలు గొంతు కలిపారు. ఆ రోజు పొందిన సంతోషాన్ని ఎన్నో ఏళ్ళ తరువాత కూడా తలుచుకున్నాడు. బొద్దుగా ఉండే పెద్ద జంతువు, తల్లిదండ్రులు దగ్గర లేని ఆడపిల్ల. పదహారేళ్ళ తరువాతి ‘తొతొరో’ విత్తనం అక్కడే ఉంది.

ఇప్పుడు 1988 నాటి జంట ఆటకు తిరిగి వస్తాను. రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి అనిపించింది. ఇది నా ఊహే, ఇద్దరు దర్శకులలో ఎవరూ ఇలా చెప్పగా నేను చదవలేదు. రెండింటిలోనూ ఇద్దరు పిల్లలు, ఒక పెద్ద, ఒక చిన్న. రెండింటిలోనూ తల్లి దగ్గర లేదు. ‘తొతొరో’లో తల్లి ఆసుపత్రిలో ఉంది (మియజాకీ చిన్నతనంలో అతని తల్లి వెన్నెముక క్షయతో ఏళ్ళ తరబడి మంచం పట్టింది). చివరికి చిన్నపిల్ల మే తప్పిపోతుంది. అప్పుడు ఏమవుతుంది? ఊరంతా పని మానేస్తుంది. పొలాల్లో ఉన్నవాళ్ళు వచ్చేస్తారు. చెరువులో చెప్పు కనబడిందని గడలు వేసి వెతుకుతారు. అక్క సాత్సుకీ రోడ్డు మీద పరుగెడుతూ ఎదురొస్తున్న మూడు చక్రాల బండికి అడ్డంగా నిలబడుతుంది. నడిపేవాడు ఉలిక్కిపడి కసురుతాడు, కాని బండి ఆగుతుంది. చెల్లెలు కనబడిందా అని అడిగితే నిలబడి జవాబు చెబుతారు. పెద్ద సహాయమేమీ కాదు. ఆగారు, అంతే. ఉత్సునోమియాలో ఆగని లారీ ఇక్కడ ఆగిందని నాకు అనిపిస్తుంది.

‘మిణుగురుల సమాధి’లో ఎవరూ ఆగరు. సినిమా మొదలయ్యేది 1945 సెప్టెంబరు 21 రాత్రి, కోబెలోని సన్నోమియా రైల్వే స్టేషనులో. యుద్ధం ముగిసి నెల దాటింది. స్తంభానికి ఆనుకొని పద్నాలుగేళ్ళ సెయితా చనిపోతున్నాడు. జనం తప్పుకొని నడిచిపోతున్నారు. అతని దగ్గర దొరికిన చాక్లెట్ల రేకు డబ్బాను స్టేషను ఊడ్చేవాడు చీకట్లోకి విసిరేస్తాడు. తరువాత కథ వెనక్కి, జూన్ 5 నాటి కోబె దాడికి పోతుంది. ఇందులో రాక్షసులు లేరు, ఇంగ్లీషు మాట్లాడే తెల్లవాళ్ళు కూడా లేరు. విమానాలు ఆకాశంలో చుక్కలు మాత్రమే. సూటిపోటి మాటలనే అత్త, పోషకాహారం పెట్టమని చెప్పి మరొక రోగిని పిలిచే డాక్టరు, దొంగతనం చేశాడని చితకబాదే రైతు, ఎవరి ఇబ్బందిలో వాళ్ళున్నారు. ఠాణాలో పోలీసు ఒక్కడు కుర్రవాణ్ణి చూసి కాసిని మంచినీళ్ళు ఇస్తాడు. తకహతా దీన్ని యుద్ధ వ్యతిరేక చిత్రమని అనడానికి ఇష్టపడలేదు. అత్త మాటలు పడలేక చెల్లెల్ని తీసుకొని విడిగా వెళ్ళిపోయిన సెయితాలో అతనికి కనబడినవాళ్ళు 1980ల నాటి యువకులు. నలుగురితో కలిసి ఉండలేక తెగతెంపులు చేసుకునే తరం.

ఇక మూల కథ రాసిన నొసాకా. కోబె దాడిలో పెంపుడు తండ్రిని పోగొట్టుకున్నాడు. పెంపుడు చెల్లెలు పోషణ లేక చనిపోయింది. ఆమెకు రెండేళ్ళు కూడా నిండలేదు. సెయితా అంత మంచి అన్నను కాను, ఆకలికి ఆ బిడ్డ తిండి నేనే తిన్నాను అని ఒప్పుకున్నాడు. ఉండవలసిన అన్న ఎలా ఉండాలో కథలో రాసుకున్నాడు. మియజాకీ ఆగిన బండిని గీసుకున్నట్టే ఇది కూడా.

విడుదల నాటికి తకహతా సినిమా పూర్తి కాలేదు. ఒకటి రెండు చోట్ల రంగులు వేయని గీతల బొమ్మలతోనే తెర మీదికి వచ్చింది. ఏది ముందు వేయాలో హాలును బట్టి మారేది. ‘తొతొరో’ ముందు చూసినవాళ్ళు రెండోదాని మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళట. పిల్లలను తెచ్చిన తల్లిదండ్రుల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు. హాళ్ళలో వసూళ్ళు అంతంత మాత్రమే. మరుసటి ఏడాది టీవీలో వచ్చాక, ఆపై మెత్తటి బొమ్మలు దుకాణాలకు వచ్చాక, ‘తొతొరో’ ఇంటింటికీ చేరింది. మా పిల్లవాడు ఈ సినిమాను వందసార్లు చూశాడండీ అని తల్లులు సంతోషంగా చెబితే మియజాకీ సంతోషించేవాడు కాదు. ఏడాదికొకసారి చాలు, మిగతా రోజుల్లో వాణ్ణి బయట ఆడుకోనివ్వండి అనేవాడు. మా ఇంట్లో ఈ సలహా అమలు కాలేదు.

మన ఇళ్ళకు ఈ సినిమాలు దారి తెలియకుండానే వచ్చాయి. 1993లో దూరదర్శన్‌లో ఆదివారాలు ‘జంగిల్ బుక్’ చూసి మౌగ్లీ పాట పాడుకున్న మా తరానికి అది జపానులో గీసిన బొమ్మ అని తెలియనే తెలియదు. యుగో సాకో అనే జపాను దర్శకుడు మన రామ్ మోహన్‌తో కలిసి ‘రామాయణం’ తీస్తానంటే, దేవుణ్ణి కార్టూను చేస్తారా అని ఇక్కడ అభ్యంతరాలు వచ్చాయి. 1992లో పూర్తయిన ఆ సినిమా తెలుగు మాటలతో మన హాళ్ళకు వచ్చింది 2025 జనవరి 24న. పిల్లల్ని తీసుకువెళ్ళాను. ఇద్దరికీ నచ్చింది. ఇంటికి వచ్చే దారిలో మా అమ్మాయి, “దీన్లో కోతులు మంచివే కదా నాన్నా, ఆ అమెరికా పటం మీద దూకిన కోతుల్లాంటివి కావు కదా?” అంది. ఏం చెప్పాలో తోచలేదు. ట్రాఫిక్ మీద దృష్టి పెట్టాను.

‘మిణుగురుల సమాధి’ని దానికి చూపించకుండా రెండేళ్ళు దాటవేశాను. పన్నెండేళ్ళు నిండాక ఒక సెలవు రోజు, తమ్ముణ్ణి వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉంచి, ఇద్దరం కూర్చుని చూశాం. ఏడుస్తుందని అనుకున్నాను. ఏడవలేదు. సెత్సుకో మట్టితో అన్నం ముద్దలు చేసి అన్నకు పెట్టే చోట నేనే మొహం పక్కకు తిప్పుకున్నాను. చివర్లో చనిపోయిన అన్నాచెల్లెళ్ళు కొండ మీద బల్లపై కూర్చుని, కింద దీపాలతో వెలిగే ఇప్పటి కోబె నగరాన్ని చూస్తుంటారు. చాలాసేపు తను మాట్లాడలేదు. తరువాత, “స్టేషన్లో అంతమంది ఉన్నారు కదా?” అంది. ఉన్నారమ్మా అన్నాను. “వాళ్ళలో పిల్లలు ఎవరూ లేరా?”

సాయంత్రం తమ్ముడు వచ్చాక, ‘తొతొరో’ పెట్టమంది. మొత్తం వద్దు, చివరి పాట మాత్రం చాలట. సినిమా అయిపోయిందని చాలామంది అక్కడే ఆపేస్తారు. పేర్లు వచ్చేటప్పుడు పక్కన చిన్న చిన్న బొమ్మలు వస్తాయి, వాటిలో తల్లి ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తుంది. మా అబ్బాయికి ఆ బొమ్మల వరుస కంఠతా వచ్చు. అక్క పక్కన చేరి, ఒక్కొక్కటి రాకముందే అదేమిటో చెప్పడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ విసుక్కునే మా అమ్మాయి ఆ రోజు వాణ్ణి వారించలేదు.